ఇప్పుడెంత? అప్పుడెంత?



పాణ్యం ఏ జిల్లాలో ఉందని బడిపిల్లల్ని అడిగితే నంద్యాల జిల్లా అని ఠక్కున చెప్తారు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పటి నుంచి అది నిజం. ముందు రోజు దాకా పాణ్యం కర్నూలు జిల్లా. మనుషులకు దీంతో పెద్ద చిక్కేమీ రాలేదు. పెద్దవాళ్లు ఇప్పటికీ అలవాటు కొద్దీ కర్నూలు జిల్లా అనే అంటుంటారు, ఎవరూ తప్పుపట్టరు. చిక్కంతా కంపెనీల కంప్యూటర్లకు వచ్చింది. ఒక ఎరువుల కంపెనీ 2021లో పాణ్యం డీలరుకు వెయ్యి బస్తాలు అమ్మిందనుకోండి. ఆ వెయ్యి బస్తాలు ఏ జిల్లా లెక్కలో చూపాలి? ఇవాళ అదే డీలరుకు లారీ పంపాలంటే బిల్లు మీద ఏ జిల్లా పేరు రాయాలి? రెండో ప్రశ్నకు జవాబు తేలికే, నంద్యాల. మొదటిదానికి మాత్రం, అడిగేవాడు ఎందుకు అడుగుతున్నాడో తెలియకుండా జవాబు చెప్పలేం.

ఈ రెండు రకాల ప్రశ్నలకు వ్యాపార సంస్థలు రెండు వేర్వేరు చోట్ల సమాచారం పెట్టుకుంటాయి. ఒకటి ఆపరేషనల్ డేటా స్టోర్, సాఫ్ట్‌వేర్ వాళ్ల వాడుకలో ఓడీఎస్. రెండోది డేటా వేర్‌హౌస్. మండీ ముందు నల్లబోర్డు మీద ఇవాళ్టి ధర సుద్దముక్కతో రాస్తారు, రేపు దాన్ని తుడిచి రేపటి ధర రాస్తారు. లోపల గుమాస్తా పుస్తకంలో మాత్రం ఏ రోజు ధర ఆ రోజు పేజీలో ఉండిపోతుంది. బోర్డు ఓడీఎస్, పుస్తకం వేర్‌హౌస్. పోలికను ఇక్కడే వదిలేస్తాను. ఎక్కువ లాగితే తెగుతుంది.

వేర్‌హౌస్ ఆలోచనే ముందు పుట్టింది. 1988లో ఐబీఎం వాళ్ల పత్రికలో బారీ డెవ్లిన్, పాల్ మర్ఫీ అనే ఇద్దరు ఈ ఏర్పాటు గురించి రాశారు. 1992లో బిల్ ఇన్‌మన్ అనే ఆయన దాని మీద ఒక పుస్తకమే వేసి, వేర్‌హౌస్‌కు నాలుగు లక్షణాలు చెప్పాడు. సమాచారం విషయాన్ని బట్టి అమరి ఉండాలి. రకరకాల విభాగాల నుంచి వచ్చింది ఒకే తీరుకు రావాలి. ప్రతి వివరానికీ కాలం గుర్తు ఉండాలి. ఒకసారి రాసింది చెరపకూడదు. నాలుగేళ్లు తిరిగాక, 1996లో, ఇదే ఇన్‌మన్ మరి ఇద్దరితో కలిసి ఓడీఎస్ మీద పుస్తకం తెచ్చాడు. అందులో మొదటి రెండు లక్షణాలూ అవే. చివరి రెండూ తలకిందులయ్యాయి. ఓడీఎస్‌లో ఉండేది తాజా విలువ మాత్రమే, అది మారుతూనే ఉండాలి. చెరపకూడదని చెప్పిన మనిషే చెరిపేదొకటి కూడా కావాలన్నాడంటే ఊరికే అనలేదు.

ఆ అవసరం ఎక్కడ వచ్చిందో చూద్దాం. ఆళ్లగడ్డ నుంచి ఒక డీలరు కంపెనీకి ఫోన్ చేసి, నా లోడు ఎక్కడిదాకా వచ్చిందండీ అని అడుగుతాడు. ఆర్డరు ఒక కంప్యూటరులో ఉంటుంది. గోదాము నుంచి లారీ బయలుదేరిన సంగతి మరో కంప్యూటరులో ఉంటుంది. ఆయన కట్టిన డబ్బు బ్యాంకులో పడిందా లేదా అన్నది అకౌంట్స్ వాళ్ల దగ్గర ఉంటుంది. ఈ మూడూ మూడు కాలాల్లో, ముగ్గురు వేర్వేరు వ్యాపారుల దగ్గర కొన్న సాఫ్ట్‌వేర్లు. ఒకదాంట్లో డీలరు నంబరు ఉంటే ఇంకోదాంట్లో పేరుంటుంది, ఆ పేరుకు స్పెల్లింగు కూడా వేరుగా ఉంటుంది. ఫోన్ ఎత్తిన అమ్మాయి మూడు తెరలు తిప్పుతూ, ఒక్క నిమిషం లైన్లో ఉండండి సార్ అంటుంది. మనందరికీ తెలిసిన నిమిషమే అది. ఈ మూడింటి నుంచి తాజా స్థితిని ఎప్పటికప్పుడు తెచ్చి, ఒక మనిషికి ఒక వరుసగా కలిపి చూపేదే ఓడీఎస్. నిన్న లోడు ఎక్కడుందన్నది ఆ అమ్మాయికి అక్కరలేదు. అది కూడా తెర మీద ఉంటే అడ్డమే.

ఇక మన పక్కనే ఉన్న అసలైన ఉదాహరణకు వస్తాను. గడివేముల మండలం గని, ఓర్వకల్లు మండలం శకునాల గ్రామాల్లో ఉన్న సోలార్ పార్కు సంగతి మీకు చెప్పక్కరలేదు. 1000 మెగావాట్ల పార్కు, దాదాపు 6 వేల ఎకరాలు, 2017లో పూర్తయింది. 2015 నవంబరులో అక్కడి 500 మెగావాట్లకు వేలం జరిగితే యూనిట్ 4 రూపాయల 63 పైసలకు ఒక కంపెనీ పాడింది. దేశంలో అప్పటికి అంత తక్కువ ధర ఎవరూ చెప్పలేదు. ఇంకో వింత, 2022 విభజనలో పాణ్యం, గడివేముల మండలాలు నంద్యాల జిల్లాకు వచ్చాయి, ఓర్వకల్లు కర్నూలులోనే ఉండిపోయింది. దాంతో పలకలు ఒక్కటి కూడా కదలకుండానే పార్కు రెండు జిల్లాల్లోకి వెళ్లిపోయింది. పేరులో మాత్రం ఇంకా కర్నూలే.

కరెంటు అమ్మకం మనం అనుకునేంత సులువు కాదు. గ్రిడ్డు లెక్కలో రోజును 15 నిమిషాల ముక్కలుగా కోస్తారు. రోజుకు 96 ముక్కలు, వాటిని బ్లాకులంటారు. అర్ధరాత్రి మొదలయ్యేది 1వ బ్లాకు, మిట్టమధ్యాహ్నం 12 గంటలకు మొదలయ్యేది 49వ బ్లాకు. ఏ బ్లాకులో ఎంత కరెంటు ఇస్తామో ప్లాంటు ముందురోజే చెప్పాలి. ఎండను ముందురోజే చెప్పడం ఎవరి తరం? అందుకని కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ 2015లో గాలి, సోలార్ ప్లాంట్లకు ఒక వెసులుబాటు ఇచ్చింది. గంటన్నరకోసారి చొప్పున రోజులో 16 సార్లు దాకా అంచనా సవరించుకోవచ్చంది. చెప్పినదానికీ ఇచ్చినదానికీ తేడా ప్లాంటు సామర్థ్యంలో 15 శాతం దాటితే అప్పట్లో మూల్యం చెల్లించాల్సి వచ్చేది. తర్వాతి కాలంలో ఈ నిబంధనలను ఇంకా బిగించారు.

ఇప్పుడు ఒకే ఒక్క బ్లాకు తీసుకుందాం. అంకెలు నేను వేసుకున్నవి, లెక్క మాత్రం అసలుదే. 100 మెగావాట్ల ప్లాంటు ఒకటి, జూలై నెల, 49వ బ్లాకు. ముందురోజు 80 మెగావాట్లు ఇస్తామన్నారు. తెల్లారేసరికి నల్లమల వైపు నుంచి మబ్బులు కమ్ముకొస్తుంటే 9 గంటలకు 65కి దించారు. 12 గంటలకు వచ్చింది 58. సవరించిన అంచనా ప్రకారం తేడా 7 శాతం, గండం గడిచింది. ముందురోజు చెప్పినదాని ప్రకారం చూస్తే 22 శాతం.

కంట్రోల్ రూములో కూర్చున్న ఇంజనీరుకు 80 అన్న అంకెతో పని లేదు. ఆయనకు కావలసింది, ఈ క్షణాన అమల్లో ఉన్న అంచనా 65, వస్తున్నది 58, ఏ ఇన్వర్టరు ఆగింది, మబ్బు వల్ల తగ్గిందా, మెషిన్ వల్ల తగ్గిందా, బాగుచెయ్యడానికి ఆ పలకల దగ్గరికి పంపిన మనిషి చేరుకున్నాడా. ఇవి నాలుగైదు చోట్ల నుంచి రావాలి. ఇన్వర్టర్ల సంగతి స్కాడా అనే వ్యవస్థ కొన్ని సెకన్లకోసారి చెప్తుంది. ఎండ తీవ్రతను పలకల పక్కన పెట్టిన వాతావరణ పరికరం చెప్తుంది. అంచనాలు వేసే సంస్థ వేరు, మరమ్మతు పనుల రిజిస్టరు వేరు. వీటన్నిటినీ ఒకే తెర మీదికి తెచ్చే పని ఓడీఎస్‌ది. అందులో 65 వచ్చిన మరుక్షణం 80 పోతుంది. పోవాలి కూడా. పాత అంకె పక్కనే ఉంటే ఒత్తిడిలో ఉన్న మనిషి దాన్ని చదివే ప్రమాదం ఉంది.

నెలాఖరున అదే కంపెనీలో ఇంకో గదిలో ఇంకో మనిషి కూర్చుంటాడు. ఆయన ప్రశ్న వేరు. అంచనాలు వేసే సంస్థకు మనం డబ్బు కడుతున్నాం, వాళ్ల ముందురోజు అంచనా ఎంత బాగుంటోంది? మబ్బు రోజుల్లో ఎన్నిసార్లు ఆఖరి నిమిషం సవరణతో గట్టెక్కాం? దీనికి 80 కావాలి, 65 కావాలి, 58 కావాలి, ఏది ఎన్ని గంటలకు రాశారో కూడా కావాలి. ఓడీఎస్‌ను అడిగితే 65 అని మాత్రమే చెప్తుంది, తేడా 7 శాతమే, అంతా బాగుందంటుంది. అందులో అబద్ధం ఏమీ లేదు. సగం కథే ఉంది, అంతే. వేర్‌హౌస్‌లో ప్రతి సవరణా ఒక కొత్త వరుసగా పడుతుంది, పాత వరుస అలాగే ఉంటుంది. ఆ ఏడాది మొత్తం వరుసలు పేర్చి చూస్తే జూన్, సెప్టెంబరు మధ్య ముందురోజు అంచనా ఎంత తప్పుతోందో, ఏ గంటల్లో తప్పుతోందో తేలుతుంది. కొత్త ఒప్పందం రాసుకునేటప్పుడు బేరం ఆడేది ఆ లెక్కతోనే.

ఇంకో మెలిక ఉంది. 58 మెగావాట్లు అని చెప్పింది స్కాడా. ఆ లెక్కన 15 నిమిషాలకు 14,500 యూనిట్లు. కానీ డబ్బు ముట్టేది మీటరు ప్రకారం, సీలు వేసిన మీటరు. దాని రీడింగు తీసి సరిచూసి పంపేసరికి రోజులు పడతాయి. అది 14,420 అంటుంది. ఈ రెండింట్లో ఏది నిజమని అడక్కండి, రెండూ నిజమే. మొదటిది ఆ నిమిషంలో నిర్ణయం తీసుకోవడానికి సరిపడా నిజం, రెండోది రూపాయలు లెక్కపెట్టడానికి సరిపడా నిజం. మొదటిది ఓడీఎస్‌లో ఉంటుంది. వేర్‌హౌస్ రెండోదాని కోసం ఆగుతుంది, వచ్చాక మొదటిదాని పక్కన పెట్టుకుంటుంది. మా కంప్యూటర్లలో రెండు అంకెలు వస్తున్నాయి, ఏదో తప్పుందని గోల పెట్టే మేనేజర్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. చాలాసార్లు అక్కడ తప్పేమీ ఉండదు, రెండు గడియారాలు ఉంటాయి.

పాణ్యం మండలం పిన్నాపురం దగ్గర గ్రీన్‌కో సంస్థ చేపట్టిన పథకంలో ఇదే తేడా ఇంకో రూపంలో కనిపిస్తుంది. 2022 మే 17న శంకుస్థాపన జరిగిన ఆ పథకం లెక్క మొత్తం 5,230 మెగావాట్లు. సోలార్ 3,000, గాలి 550, నీళ్లను పైకి తోడి కిందికి వదిలే పంప్డ్ స్టోరేజి 1,680. కరెంటు చవగ్గా ఉన్నప్పుడు నీళ్లు పైకి తోడాలి, ప్రియంగా ఉన్నప్పుడు వదలాలి. తోడడానికి 100 యూనిట్లు ఖర్చుపెడితే ఇలాంటి ప్లాంట్లలో తిరిగొచ్చేది 75 నుంచి 80. ఈ బ్లాకులో తోడాలా, వదలాలా, ఊరుకోవాలా అన్నదానికి పై జలాశయంలో నీటిమట్టం, ఇప్పటి ధర, గ్రిడ్డు పరిస్థితి చాలు. అసలు ఇంత డబ్బు పోసి ఈ ప్లాంటు కట్టాలా అన్నదానికి మాత్రం ఏళ్ల తరబడి మధ్యాహ్నం ధరకూ సాయంత్రం ధరకూ ఉన్న తేడా తెలియాలి. ఇప్పటి ధర ఎంత స్పష్టంగా తెలిసినా దాంతో జలాశయం కట్టలేరు.

ఇంతకీ ఓడీఎస్, వేర్‌హౌస్ రెండూ ఒకే చోట పెట్టుకుంటే ఏం పోయింది? చాలామంది అడిగే ప్రశ్నే. ఖర్చు కూడా తగ్గుతుంది కదా అంటారు. చిన్న సంస్థలు ముందు అలాగే పెడతాయి, కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. తర్వాత ఒక నెలాఖరున హెడ్డాఫీసులో ఎవరో మూడేళ్ల అమ్మకాలు మండలాల వారీగా తీయమంటారు. కంప్యూటరు ఆ మూడేళ్ల లక్షల వరుసలూ తిరగేస్తుంటే అదే సమయానికి కౌంటరులో బిల్లు కొట్టే కుర్రాడి తెర బిగుసుకుపోతుంది. గేటు బయట లారీలు ఆగిపోతాయి. ఓడీఎస్‌ను కట్టే పద్ధతి ఒక వరుసను క్షణంలో వెతికి మార్చడానికి అనువుగా ఉంటుంది. వేర్‌హౌస్ కట్టే పద్ధతి కోట్ల వరుసల్లో ఒకటి రెండు నిలువు గళ్లను మాత్రమే చకచకా కూడడానికి అనువుగా ఉంటుంది. ఒకదానికి పనికొచ్చే అమరిక ఇంకోదానికి గుదిబండ. ఈమధ్య రెండు పనులూ ఒకే యంత్రం చేస్తుందని అమ్మేవాళ్లు చెప్తున్నారు. వేగం సంగతిలో వాళ్లు చెప్పేదాంట్లో నిజముంది. కానీ చెరపడం, చెరపకపోవడం అన్నది వేగానికి సంబంధించింది కాదు. అది ముందే కూర్చుని తేల్చుకోవలసిన విషయం, ఏ యంత్రమూ మన తరఫున తేల్చదు.

మొదట చెప్పిన ఎరువుల కంపెనీ సంగతి మధ్యలో వదిలేశాను. జిల్లాలు మారగానే అలాంటి చోట సాధారణంగా జరిగేది ఇది. డీలర్ల జాబితాలో జిల్లా పేరు కొట్టేసి కొత్తది రాస్తారు. మర్నాటి నుంచి 2021 నివేదిక తీస్తే పాణ్యం బస్తాలు నంద్యాల కింద వస్తాయి. 2021లో అచ్చు వేసిన నివేదికలో కర్నూలు కింద ఉన్నాయి. ఆడిటరు రెండూ పక్కపక్కన పెట్టి కళ్లజోడు సవరించుకుంటాడు. పోనీ పాత బిల్లుల మీద పాత జిల్లానే ఉంచితే, 2023లో కర్నూలు జిల్లా అమ్మకాలు ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపిస్తుంది. పాపం అక్కడి సేల్స్ మేనేజరు తన తప్పేమీ లేకుండా సంజాయిషీ రాసుకోవాలి. రాల్ఫ్ కింబల్ అనే ఆయన దీనికి తీర్పు చెప్పాడు, ఆయన పుస్తకం కూడా 1996దే. అదే డీలరుకు రెండు వరుసలు ఉంచమన్నాడు. ఒకటి కర్నూలు, చెల్లుబాటు 2022 ఏప్రిల్ 3 వరకు. రెండోది నంద్యాల, ఏప్రిల్ 4 నుంచి. డీలరుకు మారని నంబరు ఒకటి రెండు వరుసల్లోనూ ఉంటుంది. అప్పుడు ఆనాటి హద్దులతో లెక్క కావాలన్నా వస్తుంది, ఈనాటి హద్దులతో పాత అమ్మకాలు కావాలన్నా వస్తుంది. తలనొప్పి తగ్గదు కానీ తగువు తీరుతుంది. ఓడీఎస్‌కు ఈ తంటా లేదు, అక్కడ నంద్యాల అని ఉంటే చాలు, లారీ వస్తుంది.

ఇదంతా విని మన నంద్యాల సోనా బియ్యం మిల్లు యజమానులో, విత్తనాల దుకాణాల వాళ్లో కంగారు పడతారేమో. మీలో చాలామందికి ఈ రెండూ అక్కరలేదని నా అభిప్రాయం. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే శిల్పికి ఆర్డర్ల పుస్తకం ఒకటుంటే సరిపోతుంది, దాని మీద ఎవరైనా కంప్యూటర్ ప్రాజెక్టు అమ్మబోతే మర్యాదగా మజ్జిగ ఇచ్చి పంపెయ్యవచ్చు. ఒకే దుకాణం, ఒకే బిల్లింగు సాఫ్ట్‌వేరు ఉన్నచోట కలపడానికే రెండోది లేదు. కానీ ఒక్కటి చూసుకోండి. మీ సాఫ్ట్‌వేరులో ధర మార్చినప్పుడు పాత ధర తేదీతో సహా ఎక్కడైనా మిగులుతోందా, లేక పోతోందా? మిగలకపోతే వచ్చే ఏడు గిరాకీ ఎందుకు తగ్గిందో వెతకడానికి మీ దగ్గర సరంజామా ఉండదు. రంగురంగుల డ్యాష్‌బోర్డు చూపించి ఇందులో మీ వ్యాపారమంతా ఉందనేవాళ్లను అడగాల్సింది కూడా ఇదే. పోయిన సంక్రాంతి ముందు శుక్రవారం సాయంత్రం నా గోదాములో ఎన్ని బస్తాలున్నాయి? ఆ రోజు మీ తెర నాకు ఎంత చూపించింది? ఈ రెండో ప్రశ్నకు తడబడితే, వాళ్లు అమ్ముతున్నది బోర్డే.

అలాగని అన్నీ ఎప్పటికీ దాచుకోవడమూ కుదరదు. జీఎస్టీ చట్టం లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు ఉంచాలంటుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, అవసరం తీరాక మనుషుల సొంత వివరాలు తుడిచెయ్యాలంటుంది, ఇంకో చట్టం ఉంచమన్నవి తప్ప. ఓడీఎస్‌కు తుడవడం కొత్త కాదు, అది దాని రోజువారీ పనే. చెరపకూడదన్న సూత్రం మీద ముప్పై ఏళ్లుగా కట్టుకుంటూ వచ్చిన వేర్‌హౌస్‌కే ఇప్పుడు చెరపడం నేర్పాలి. పాణ్యంలో ఏ నెల ఎన్ని బస్తాలు అమ్ముడయ్యాయో ఉంచి, కొన్న రైతు పేరూ ఫోన్ నంబరూ తీసెయ్యడం ఒక దారి. పేరు బదులు ఒక గుర్తు పెట్టి, ఆ గుర్తు ఎవరిదో చెప్పే జాబితాను వేరుగా తాళం వేసి, ఆ రైతు అడిగిన రోజున ఆ జాబితాలోంచి ఒక్క వరుస తీసెయ్యడం ఇంకో దారి. రెండో దారిలో రాత పని ఎక్కువ. వేర్‌హౌస్ కట్టే మొదటి రోజే ఆ ఏర్పాటు చెయ్యకపోతే తర్వాత కోట్ల వరుసల్లో పేర్లు ఏరుకుంటూ కూర్చోవాలి.